కాయ లెక్క, కిలో లెక్క: కోనసీమ కొబ్బరి ఉత్పత్తిదారుల సంఘాలకు తయారీ, నిలువల సాఫ్ట్‌వేర్

గోదావరి పాయలైన గౌతమి, వసిష్ఠల నడుమ విస్తరించిన కోనసీమలో కొబ్బరి ప్రధాన వాణిజ్య పంట. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల తోటల్లో దింపిన కాయకు అంబాజీపేట ముఖ్యమైన విపణి. కాయను కాయగానే అమ్మడం ఇక్కడి రైతుకు అలవాటైన మార్గం. దానిని ఎండు కొబ్బరిగా, నూనెగా, పీచుగా, కోకోపీట్‌గా, చిప్ప బొగ్గుగా మార్చి అమ్మితే అదనపు విలువ స్థానికంగానే మిగులుతుందన్న ఆలోచనతో రైతు ఉత్పత్తిదారుల సంఘాలు ప్రాసెసింగ్ వైపు చూస్తున్నాయి. కేంద్ర ప్రభుత్వం 2020లో ప్రారంభించిన 10,000 రైతు ఉత్పత్తిదారుల సంఘాల పథకం ఈ ధోరణికి ఊతమిచ్చింది.

కొనుగోలు, అమ్మకం మాత్రమే చేసే సంఘానికి ఒక చిట్టా పుస్తకం, ఒక సాధారణ లెక్కల సాఫ్ట్‌వేర్ సరిపోతాయి. ప్రాసెసింగ్ మొదలైన నాటి నుంచి పరిస్థితి మారుతుంది. కొన్న సరుకు వేరు, అమ్మే సరుకు వేరు. మధ్యలో బరువు తగ్గుతుంది, రూపం మారుతుంది, కొంత సరుకు నెలల తరబడి నిలువ ఉంటుంది. సభ్య రైతుకు కాయకు ఎంత ధర చెల్లించగలమన్న ప్రశ్నకు సమాధానం ఈ మధ్య దశ లెక్కపైనే ఆధారపడుతుంది. ఆ లెక్క తప్పితే రైతుకు తక్కువ ధర దక్కుతుంది, లేదా సంఘం తనకు తెలియకుండానే మూలధనాన్ని కోల్పోతుంది.

టాలీప్రైమ్, ఈఆర్‌పీనెక్స్ట్, ఓడూ వంటి వ్యాపార నిర్వహణ సాఫ్ట్‌వేర్లలో తయారీకి, నిలువలకు సంబంధించిన సౌకర్యాలు ఇటీవలి సంవత్సరాల్లో బాగా విస్తరించాయి. వాటిలో కొబ్బరి ప్రాసెసింగ్‌కు ఉపకరించేవి ఏవి, వాటిని ఏ విధంగా అమర్చుకోవాలి, ఎక్కడ జాగ్రత్త వహించాలి అన్న అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

ఒక కాయ, పలు ఉత్పత్తులు

తయారీ సాఫ్ట్‌వేర్‌కు మూలం బిల్ ఆఫ్ మెటీరియల్స్ అనే తయారీ పట్టిక. ఒక వస్తువు తయారు కావడానికి ఏయే ముడిసరుకులు ఎంతెంత కావాలో అందులో ఉంటుంది. సైకిల్ కర్మాగారాన్ని ఉదాహరణగా తీసుకుంటే చక్రాలు, చట్రం, గొలుసు, సీటు కలిసి ఒక సైకిల్ అవుతాయి. అనేక వస్తువులు ఒకటిగా కూడే ఈ పద్ధతి ఆధారంగానే తొలినాటి తయారీ పట్టికలు రూపొందాయి.

కొబ్బరిలో జరిగేది ఇందుకు పూర్తిగా విరుద్ధం. ఇక్కడ ఒకే ముడిసరుకు అనేక ఉత్పత్తులుగా విడిపోతుంది. ముదురు కాయ బరువులో స్థూలంగా 35 శాతం డొక్క, 12 శాతం చిప్ప, 28 శాతం పచ్చి కొబ్బరి, 25 శాతం నీరు ఉంటాయి. డొక్క నుంచి పీచు, పొట్టు వస్తాయి. చిప్ప బొగ్గుకు పోతుంది. పచ్చి కొబ్బరి ఎండి నూనెకు, తెలకపిండికి ఆధారమవుతుంది. వరిని బియ్యం, తవుడు, ఊకగా విడదీసే మిల్లుకూ, పాలను విడదీసే డెయిరీకీ ఇదే లక్షణం వర్తిస్తుంది.

కాబట్టి సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకునేటప్పుడు మొదట పరిశీలించవలసినది ఒకే తయారీ నమోదులో పలు ఉత్పత్తులను చూపే వీలు ఉన్నదా అన్నది. టాలీప్రైమ్ తయారీ పట్టికలో ముడిసరుకులతో పాటు ఉప ఉత్పత్తి, సహ ఉత్పత్తి, వ్యర్థం అనే రకాలను విడివిడిగా గుర్తించవచ్చు. ఓడూలో ఉప ఉత్పత్తికి మొత్తం ఖర్చులో ఎంత శాతం చెందుతుందో నిర్ణయించే సౌకర్యం ఉంది. ఈఆర్‌పీనెక్స్ట్ తయారీ పట్టికలో ప్రాసెసింగ్ తరుగును శాతంగా నమోదు చేయవచ్చు. పేర్లు వేరైనా ఈ సౌకర్యాల ప్రయోజనం ఒకటే: కాయ పగిలిన తరువాత దాని ప్రతి భాగమూ లెక్కలో కనిపించడం.

ఉమ్మడి ఖర్చు పంపిణీ

కాయ ధర, వలుపు కూలి, పగులగొట్టే కూలి అన్ని ఉత్పత్తులకూ ఉమ్మడి ఖర్చులు. వాటిని ఏ ఉత్పత్తిపై ఎంత వేయాలన్నది కీలకమైన ప్రశ్న. భారత చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ జారీ చేసిన నిలువల మదింపు ప్రమాణం, అంటే అకౌంటింగ్ స్టాండర్డ్ 2, ఈ విషయంలో మార్గం చూపుతుంది. ఉమ్మడిగా వచ్చే ప్రధాన ఉత్పత్తుల మధ్య ఖర్చును హేతుబద్ధంగా, నిలకడగా పంచాలి. ఉదాహరణకు వాటి అమ్మకపు విలువల నిష్పత్తిలో పంచవచ్చు. స్వల్ప విలువ గల ఉప ఉత్పత్తులనైతే వాటి నికర అమ్మకపు విలువను ప్రధాన ఉత్పత్తి ఖర్చులోంచి తీసివేయవచ్చు.

కేవలం వివరణ కోసం ఒక ఊహాత్మక లెక్క చూద్దాం. 1,000 కాయలను కాయ 20 రూపాయల చొప్పున కొన్నారు. ప్రాసెసింగ్ ఖర్చు 1,500 రూపాయలు. మొత్తం ఖర్చు 21,500 రూపాయలు. వచ్చిన ఎండు కొబ్బరి విలువ 22,000, చిప్ప విలువ 2,000, డొక్క విలువ 1,000 రూపాయలు. మొత్తం విలువ 25,000 రూపాయలు. నికరంగా మిగిలేది 3,500 రూపాయలు.

ఖర్చంతా ఎండు కొబ్బరి మీదే వేస్తే దానిపై లాభం 500 రూపాయలుగానే కనిపిస్తుంది. చిప్ప, డొక్క ఖర్చు లేకుండా వచ్చినట్లు చూపబడతాయి. అమ్మకపు విలువల నిష్పత్తిలో, అంటే 88, 8, 4 శాతాల చొప్పున పంచితే ఎండు కొబ్బరికి 18,920, చిప్పకు 1,720, డొక్కకు 860 రూపాయల ఖర్చు చెందుతుంది. అప్పుడు ఎండు కొబ్బరిపై 3,080 రూపాయల లాభం తేలుతుంది. మొత్తం లాభంలో మార్పు లేదు. ఏ సరుకు ఎంత ఖర్చును మోస్తున్నదన్న చిత్రం మాత్రం మారింది. సంవత్సరాంతానికి చిప్ప అమ్ముడుపోక గోదాములో మిగిలితే మొదటి పద్ధతిలో దాని విలువ సున్నా, రెండవ పద్ధతిలో 1,720 రూపాయలు. ఆస్తి అప్పుల పట్టికపై, బ్యాంకు రుణ పరిమితిపై ఆ తేడా ప్రభావం చూపుతుంది.

ఇక్కడ విద్యార్థులు గమనించవలసిన హెచ్చరిక ఒకటుంది. ఖర్చు పంపిణీ నిలువల మదింపు కోసం ఉద్దేశించినది. కాయను ప్రాసెస్ చేయాలా, కాయగానే అమ్మాలా అన్న నిర్ణయానికి అది ఆధారం కాదు. పై ఉదాహరణలో ఒక వ్యాపారి అవే కాయలకు డొక్కతో సహా 22 రూపాయల చొప్పున ఇస్తానన్నాడనుకుందాం. సంఘానికి 2,000 రూపాయలు మిగులుతాయి. ఎండు కొబ్బరిపై 500 రూపాయలే లాభం అన్న నివేదికను మాత్రమే చూసిన మేనేజరు కాయలను అమ్మివేసి, 1,500 రూపాయలు కోల్పోతాడు. సరైన పోలిక రెండు మార్గాల మొత్తం రాబడికి, మొత్తం ఖర్చుకు మధ్య జరగాలి. సాఫ్ట్‌వేర్ ఈ రెండు నివేదికలనూ ఇవ్వగలదు. ఏ ప్రశ్నకు ఏ నివేదిక చూడాలో తెలియవలసినది మనిషికే.

తేమ తరుగు: దొంగతనమా, ఎండిపోవడమా

ప్రాసెసింగ్ సంఘాల్లో తరచు వివాదానికి దారితీసే అంశం బరువు తరుగు. పచ్చి కొబ్బరిలో తేమ సుమారు 50 శాతం. మిల్లు కొబ్బరిని నిలువకు 6 శాతం వరకు ఆరబెట్టాలి. ఎండే క్రమంలో నీరు పోతుంది, ఘన పదార్థం పోదు. అందువల్ల చివరి బరువును ఒక సులభ సూత్రంతో అంచనా వేయవచ్చు: తొలి బరువును తొలి ఘన పదార్థ శాతంతో గుణించి, తుది ఘన పదార్థ శాతంతో భాగించాలి.

50 శాతం తేమ గల 1,000 కిలోల పచ్చి కొబ్బరిలో ఘన పదార్థం 500 కిలోలు. 6 శాతం తేమకు ఆరితే తుది బరువు సుమారు 532 కిలోలు. 10 శాతం తేమ వద్దే ఆపి తూచితే సుమారు 556 కిలోలు. ఈ 556 కిలోలను గోదాములో నమోదు చేసి, కొన్ని వారాల తరువాత 6 శాతానికి ఆరిన సరుకును మళ్ళీ తూస్తే 24 కిలోలు తక్కువ వస్తాయి. ఇందులో ఎవరి తప్పూ లేదు. తేమ శాతం నమోదు కాకపోవడం వల్ల గోదాము బాధ్యుడిపై అనుమానం వస్తుంది. 2025 సీజన్‌లో మిల్లు కొబ్బరికి ప్రకటించిన కనీస మద్దతు ధర క్వింటాలుకు 11,582 రూపాయల చొప్పున లెక్కించినా ఈ తేడా విలువ సుమారు 2,700 రూపాయలు. ఒక బాధ్యుడి నిజాయితీని ప్రశ్నార్థకం చేయడానికి ఆ మొత్తం చాలు.

దీనికి విరుద్ధమైన ప్రమాదమూ ఉంది. ఏ తరుగునైనా తేమ ఖాతాలో వేసి వదిలేస్తే నిజమైన నష్టం కనిపించదు. అందుచేత సరుకు లోపలికి వచ్చినప్పుడు, బయటకు వెళ్ళినప్పుడు బరువుతో పాటు తేమ శాతాన్ని కూడా తప్పనిసరి అంశంగా నమోదు చేయాలి. తయారీ పట్టికలో ఇచ్చే తరుగు శాతం సాధారణ తరుగుకు కొలబద్ద మాత్రమే. పచ్చి కొబ్బరిలో తేమ 45 శాతమే ఉంటే అదే 1,000 కిలోల నుంచి సుమారు 585 కిలోలు రావాలి. కాబట్టి ఏడాది పొడవునా ఒకే స్థిర శాతంపై ఆధారపడకుండా కాయ ముదురుదనాన్ని, కాలాన్ని బట్టి కొలిచి సవరించుకోవాలి. ఘన పదార్థం లెక్కలో తగ్గిన సరుకే అసాధారణ నష్టం. అకౌంటింగ్ ప్రమాణం ప్రకారం అసాధారణ నష్టాన్ని నిలువ విలువలో కలపకూడదు. ఆ కాలపు ఖర్చుగా చూపాలి.

పీచుకు, కోకోపీట్‌కు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. పొట్టు తన బరువుకు అనేక రెట్లు నీటిని పీల్చుకోగలదు. వానాకాలంలో తూచిన పొట్టు బరువుకు తేమ శాతం జోడించకపోతే ఆ అంకెకు అర్థం లేదు.

వెయ్యి కాయలు, క్వింటాలు

కోనసీమ విపణిలో కొలమానాలు రెండు. ఎండు కొబ్బరి ధర క్వింటాలుకు పలుకుతుంది. కురిడీ కాయల ధర గండేరా, గటగట అనే రకాలను బట్టి వెయ్యి కాయల లెక్కన పలుకుతుంది. సంఘం రైతు వద్ద లెక్కపెట్టి కొని, మిల్లుకు తూచి అమ్ముతుంది. సాఫ్ట్‌వేర్లలో ప్రత్యామ్నాయ కొలమానం అనే సౌకర్యం ఉంటుంది. అందులో ఒక డజను అంటే 12 అన్నట్లు స్థిరమైన మార్పిడి సంఖ్య ఇస్తారు. కొబ్బరికి అటువంటి స్థిర సంఖ్య లేదు. కాయ పరిమాణాన్ని బట్టి కిలో ఎండు కొబ్బరికి కావలసిన కాయల సంఖ్య మారుతుంది.

ఒకే మార్పిడి సంఖ్యను వాడితే పెద్ద కాయలు తెచ్చిన రైతు నష్టపోతాడు, చిన్న కాయలు తెచ్చిన రైతు లాభపడతాడు. సంఘం మొత్తం లెక్కలో ఈ అన్యాయం బయటపడదు. కాయను పరిమాణాన్ని బట్టి రెండు మూడు వేర్వేరు సరుకులుగా నమోదు చేయడం ఇందుకు పరిష్కారం. ప్రతి కొనుగోలులో సంఖ్యను, బరువును రెండింటినీ నమోదు చేస్తే కొద్ది నెలల్లోనే సంఘానికి తన సొంత మార్పిడి సంఖ్యలు లభిస్తాయి. ఇతర ప్రాంతాల అంకెలను అరువు తెచ్చుకోవలసిన అవసరం ఉండదు.

కురిడీ: నిలువ ఉండటమే తయారీ

కురిడీ కొబ్బరి నిలువల నిర్వహణకు ఒక ప్రత్యేక పరీక్ష. ముదురు కాయలను అటకల మీద సుమారు 8 నుంచి 12 నెలలు నిలువ చేస్తారు. లోపలి నీరు ఇంకి, కొబ్బరి చిప్ప నుంచి విడివడి గుండ్రని కురిడీగా మారుతుంది. ఈ కాలమంతా కాయ కదలదు. కానీ మారుతూనే ఉంటుంది.

సాఫ్ట్‌వేర్‌లోని నిలువ వయసు నివేదిక చాలా కాలం కదలని సరుకును మందకొడి సరుకుగా చూపుతుంది. కురిడీ కాయలను మామూలు నిలువగా నమోదు చేస్తే ఎనిమిదో నెలలో ఆ నివేదిక వాటిని త్వరగా అమ్మివేయాలని సూచించినట్లు అవుతుంది. నిజానికి అప్పుడే వాటి విలువ చేతికందుతున్నది. అందువల్ల కురిడీకి కేటాయించిన కాయలను తయారీలో ఉన్న సరుకుగా నమోదు చేయాలి. అటకను విడి గోదాముగా, దింపు నెలను బ్యాచ్‌గా పరిగణించాలి. అప్పుడు ఏ నెలలో ఎన్ని కాయలు పక్వానికి వస్తాయో ముందుగానే తెలుస్తుంది. మధ్యలో కుళ్ళినవి, మొలకెత్తినవి తీసివేసిన ప్రతిసారీ నమోదు చేస్తే సాధారణ తరుగు శాతం బ్యాచ్‌వారీగా తేలుతుంది.

ముందుగా ఒప్పందం కుదిరిన కొనుగోలుదారుకు సరుకు కేటాయించి ఉంచే స్టాక్ రిజర్వేషన్ సౌకర్యం ఈఆర్‌పీనెక్స్ట్‌లో 2023లో వచ్చిన 15వ వెర్షన్ నుంచి అందుబాటులో ఉంది. అటక మీద ఉన్న సరుకునే ఇద్దరు వ్యాపారులకు మాట ఇచ్చే పొరపాటును ఇటువంటి సౌకర్యం నివారిస్తుంది.

బ్యాచ్ జాడ, నాణ్యత పరీక్ష

సరిగా ఆరని కొబ్బరిపై ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ శిలీంధ్రం పెరిగి అఫ్లటాక్సిన్ అనే విషపదార్థం ఏర్పడే ప్రమాదం ఉంది. నూనె ప్యాకెట్టుపై లాట్ లేదా బ్యాచ్ సంఖ్య ముద్రించడం ఆహార భద్రతా నిబంధనల ప్రకారం తప్పనిసరి. సురక్షితం కాని ఆహారాన్ని విపణి నుంచి వెనక్కి రప్పించే విధానంపై భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2017లో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. సంఖ్య ముద్రించినంత మాత్రాన ప్రయోజనం నెరవేరదు. ఆ సంఖ్య నుంచి వెనక్కి వెళితే ఏ రోజు గానుగ, ఏ ఎండు కొబ్బరి, ఏ గ్రామపు కాయ అన్నది తెలియాలి. ముందుకు వెళితే ఆ బ్యాచ్ ఏ దుకాణాలకు చేరిందో తెలియాలి. జాడ తెలిస్తే చెడిన ఒక్క బ్యాచ్‌నే వెనక్కి రప్పించవచ్చు. తెలియకపోతే ఆ నెల సరుకంతా రప్పించవలసి వస్తుంది.

నాణ్యత పరీక్ష నమూనా పత్రాన్ని సాఫ్ట్‌వేర్‌లో అమర్చి, తేమ పరిమితి దాటిన సరుకు గోదాములోకి నమోదు కాకుండా నిలిపివేయవచ్చు. కోకోపీట్ కొనుగోలుదారులు లవణ సాంద్రతను సూచించే విద్యుత్ వాహకతను అడుగుతారు. కడిగిన పొట్టు, కడగని పొట్టు ధరలు వేరు కాబట్టి వాహకత విలువను బ్యాచ్‌తో ముడిపెట్టి ఉంచడం అవసరం.

గోదాము బయట ఉన్న సంఘం సరుకు

పీచు తాడు పేనడం, కాయ వలవడం, కొబ్బరి ఆరబెట్టడం వంటి పనులను సంఘాలు బయటి వారికి అప్పగించవచ్చు. సరుకు ఇతరుల చేతిలో ఉంటుంది, యాజమాన్యం సంఘానిదే. దీనిని అమ్మకంగానో, ఖర్చుగానో రాస్తే రెండు విధాలా లెక్క చెడుతుంది. టాలీప్రైమ్‌లో ఇతరుల వద్ద ఉన్న మన సరుకు అనే రకం గోదామును సృష్టించవచ్చు. ఈఆర్‌పీనెక్స్ట్ 2022 నాటి 14వ వెర్షన్‌లో బయటి పనికి ప్రత్యేక ఆర్డరు, ప్రత్యేక రసీదు పత్రాలు ఏర్పడ్డాయి. ఎంత పీచు ఇచ్చారు, ఎంత తాడు రావాలి, ఎంత వచ్చింది, ఎంత కూలి చెల్లించాలి అన్న నాలుగు అంశాలూ ఒకేచోట కనిపించడం వల్ల కూలి చెల్లింపులో ఆలస్యానికి, వివాదానికి తావు తగ్గుతుంది.

సరుకు ఏ తేదీన ఏ చోట ఎంత ఉన్నదో తెలియడం కోనసీమకు మరొక కారణం చేత కూడా ముఖ్యం. 1996 నవంబరు 6 నాటి తుపాను ఈ ప్రాంతపు కొబ్బరి తోటలను తీవ్రంగా దెబ్బతీసింది. లంక గ్రామాలకు గోదావరి వరద పునరావృతమయ్యే విపత్తు. గోదాము మునిగిన తరువాత బీమా పరిహారం కోరాలంటే ముందురోజు నిలువకు ఆధారం చూపాలి. అందుకే సమాచార ప్రతి ఒకటి గోదాముకు దూరంగా, వేరే ఊరిలో లేదా క్లౌడ్‌లో ఉండాలి.

మార్పుల చిట్టా

ఉత్పత్తిదారుల కంపెనీలుగా నమోదైన సంఘాలకు కంపెనీల చట్టం వర్తిస్తుంది. లెక్కల సాఫ్ట్‌వేర్‌లో జరిగిన ప్రతి మార్పునూ తేదీతో సహా భద్రపరచే చిట్టా ఉండాలని, దానిని నిలిపివేసే వీలు ఉండరాదని కంపెనీల లెక్కల నిబంధనలు ఆదేశిస్తున్నాయి. ఇది 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. సభ్యుల దృష్టితో చూస్తే ఇది చట్టపరమైన లాంఛనం మాత్రమే కాదు. తన కాయల బరువు తరువాత ఎవరైనా మార్చారా అన్న రైతు సందేహానికి ఈ చిట్టాయే సమాధానం.

అమలుకు సూచనలు

విస్తరణ శాస్త్రవేత్తలు సంఘాలకు సలహా ఇచ్చేటప్పుడు సాఫ్ట్‌వేర్ పేరుతో కాక సరుకు ప్రవాహంతో ప్రారంభించడం మేలు.

1. కాయ లోపలికి వచ్చిన చోటు నుంచి చివరి ఉత్పత్తి బయటకు వెళ్ళే చోటు వరకు సరుకు మార్గాన్ని కాగితంపై గీయాలి. బరువు గాని, రూపం గాని, బాధ్యుడు గాని మారే ప్రతి చోటా ఒక నమోదు అవసరం.

2. కాటా, తేమ కొలిచే పరికరం సరిచూసిన తరువాతే సాఫ్ట్‌వేర్ ప్రారంభించాలి. తప్పు బరువును వేగంగా లెక్కించినా అది తప్పు బరువే.

3. నిలువ సున్నా కంటే తగ్గినా అమ్మకాన్ని అనుమతించే అమరికను మూసివేయాలి. ఈ అమరిక తెరచి ఉంటే నమోదు కాని తయారీ ఎన్నటికీ బయటపడదు.

4. తొలి సీజన్‌లో ఒకే ఉత్పత్తి శ్రేణితో, ఉదాహరణకు ఎండు కొబ్బరితో మొదలుపెట్టాలి. పాత చిట్టా పుస్తకాన్ని సమాంతరంగా కొనసాగించి నెలకొకసారి రెండింటినీ పోల్చాలి.

5. సరుకుల పేర్లు స్థానిక వ్యవహారంలో ఉండాలి. డొక్క, చిప్ప, కురిడీ, పొట్టు అని రాసి ఉంటే గోదాము బాధ్యుడు తప్పు సరుకును ఎంచుకోడు.

6. కాటా వేసేవారు, నమోదు చేసేవారు, చెల్లింపు ఆమోదించేవారు వేర్వేరు వ్యక్తులై ఉండాలి. ప్రతి ఒక్కరికీ విడి ప్రవేశ సంకేతం ఇవ్వాలి.

7. రైతుకు ఇచ్చే రసీదుపై కాయల సంఖ్య, బరువు, రకం, ధర తెలుగులో ముద్రించాలి.

ఈఆర్‌పీనెక్స్ట్ వంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు లైసెన్సు రుసుము లేకపోయినా సర్వర్, అమరిక, శిక్షణల ఖర్చు ఉంటుంది. రుసుము చెల్లించి కొనే సాఫ్ట్‌వేర్‌కు స్థానికంగా సాయపడే అకౌంటెంట్లు సులభంగా దొరకవచ్చు. సంఘం పరిమాణాన్ని, నిర్వహించే సిబ్బంది సామర్థ్యాన్ని బట్టి ఎంపిక ఉండాలి. రోజుకు కొద్ది లావాదేవీలు మాత్రమే గల చిన్న సంఘానికి తేమ, బరువు గడులతో చక్కగా రూపొందించిన స్ప్రెడ్‌షీట్ కూడా తొలి దశలో సరిపోతుంది.

ముగింపు

కొబ్బరి ప్రాసెసింగ్‌లో లాభం ఒక్క నూనెలోనో, ఒక్క పీచులోనో లేదు; కాయ మొత్తంలో ఉంది. ప్రతి భాగాన్నీ, ప్రతి దశలోని తరుగునూ, ప్రతి చోట ఉన్న నిలువనూ చూపగలిగిన లెక్క మాత్రమే సభ్య రైతుకు న్యాయమైన ధరను నిర్ణయించగలదు. సాఫ్ట్‌వేర్‌లోని కొత్త సౌకర్యాలు ఇందుకు వీలు కల్పిస్తున్నాయి. వాటిలో వాడవలసిన తరుగు శాతాలు, మార్పిడి సంఖ్యలు, పక్వతా కాలాలు మాత్రం కోనసీమ తోటల్లో, అటకల్లో, కళ్ళాల్లో కొలిచి తెలుసుకోవలసినవే. సంఘాలతో కలిసి ఆ కొలతలను సేకరించి ప్రామాణీకరించడం ఉద్యాన, వ్యవసాయ విద్యార్థుల క్షేత్ర అధ్యయనాలకు, విస్తరణ శాస్త్రవేత్తల ప్రదర్శనలకు తగిన అంశం.